పరదేశములకు పోవు పిల్లలు – వీసా



మొన్నటి సంక్రాంతికి ప్రభల సందడి సద్దుమణిగిన మూడవనాటి యుదయమున, మా కొత్తపేటకు క్రోసెడు దూరములో నున్న యొక గ్రామమునుండి వృద్ధరైతొకరు మా యింటి యరుగుమీదికి వచ్చి కూర్చుండిరి. వారి కుమారునకు చదువు చెప్పినవాడను నేనే. మనుమనిచేత పలకమీద ఓనమాలు దిద్దించినవాడను నేనే. చంకలోని కాగితముల కట్టను నా ముందు పెట్టి వారన్న మాట యిది: “ఆయ్, మాస్టారండీ! మనవడు అమెరికా చదువుకి వెళ్తానంటున్నాడండి. కాలేజీవాళ్ల చీటీ వచ్చేసిందన్నారు. వీసా మాత్రం ఇంకా రావాలన్నారు. తోట తాకట్టు సంతకానికి శనివారం బ్యాంకుకి రమ్మన్నారు. చీటీ వచ్చాక మళ్లీ ఆ వీసా ఏంటండి? అది రాకపోతే నా తోట ఏమవుద్దండి?”

ప్రశ్న చిన్నది. సమాధానము చెప్పుటకు నాకు మధ్యాహ్నము భోజనవేళ దాటినది. ఆనాడు వారితో చెప్పిన మాటలనే కొంత క్రమపఱచి నేడు మీ ముందుంచుచున్నాను. పిల్లలకొఱకు నేనీ ప్రసంగము చేయుటలేదు. వారికి మనకంటె నెక్కువయే తెలియును. తెలియనిచో చేతిలోని ఫోను చెప్పును. కాని తాకట్టు పత్రములమీద సంతకము చేయువారము మనము. దేనికి సంతకము చేయుచున్నామో యెఱిగి చేయుట మన విధి.

వీసా యను మాట లాటిను భాషలోనిది. “చూడబడినది” అని దాని యర్థము. ప్రయాణికుడు తెచ్చిన పత్రమును మేము చూచితిమి, చూచి సరియైనదని తలచితిమి, అని పరదేశపు టధికారి వేయు ముద్రయే వీసా. ఇది పాశ్చాత్యుల క్రొత్త కల్పన యని మనలో ననేకు లనుకొందురు. కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రము 1909లో మైసూరున అచ్చుపడి లోకమునకు తెలియవచ్చినది. దాని రెండవ యధికరణమున ముద్రాధ్యక్షుడను నుద్యోగి కలడు. జనపదములోనికి వచ్చుటకుగాని వెలుపలికి పోవుటకుగాని వాని ముద్ర కావలెను. ముద్రకు రుసుము ఒక మాషకము. ముద్ర లేక పోవు స్వదేశీయునకు పండ్రెండు పణములు దండుగ. దొంగముద్ర చూపినవానికి మాత్రము అంతకు మించిన పూర్వసాహసదండము. వాడు పరదేశి యైనచో నుత్తమసాహసదండము. పచ్చికబీళ్ల యధికారి దారిలో ముద్రలను పరిశీలించవలెను. ముద్ర లేకపోవుట తప్పు. దొంగముద్ర కలిగియుండుట అంతకంటె పెద్ద తప్పు అను నీ తారతమ్యమును మీరు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాను. నేటి దేశములన్నియు దీనినే పాటించుచున్నవి.

మన ప్రాంతమువారికి సముద్రయానము క్రొత్తదికాదు. గౌతమి కడలిలో గలియు చోటునకు చేరువనున్న కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. 1839 నాటి యుప్పెన దానిని తుడిచిపెట్టినను దాని పేరు మాత్రము సముద్రము దాటి నిలిచినది. బర్మాలో మనవారిని “కోరంగీలు” అని పిలిచెడివారు. మా తాతలనాటివారు “ఫలానావాడు రంగము పోయినాడు” అనెడివారు. రంగమనగా రంగూను. బియ్యపు మిల్లులలోను రేవులోను పనిచేయుటకు వేలకొలది జనము కాకినాడ, విశాఖపట్టణముల నుండి ఓడ యెక్కెడివారు. ఓడటిక్కెట్టు తప్ప వేఱు కాగితము వారికి పనిలేదు. ఏలయన నప్పుడు బర్మా హిందూదేశములోని యొక రాష్ట్రముగానే యుండెను. 1937 ఏప్రిలు 1వ తేదిని దానిని వేఱుచేసిరి. 1941లో వలసలపై నొడంబడిక వ్రాసికొనిరి. మఱుసటి యేడు జపానువారి దండయాత్రతో మనవారు కొండలు, అడవులు పడి కాలినడకను తిరిగివచ్చిరి. రాలేనివారు దారిలోనే రాలిపోయిరి. నిన్నటివఱకు సొంత పెరడువలె నున్న నేల యొకనాటి ప్రొద్దున పరదేశమగుట యెట్లుండునో మన జిల్లాలవా రెఱుగుదురు.

మఱియొక యుదాహరణము. భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండలవ్యాధుల వైద్యము చదివిరి. ఆ ప్రయాణమునకు మామగారి సొమ్మును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ సాయమును తోడ్పడినవి. సత్యలింగనాయకరుగారు కోరంగి సీమనుండి రంగము పోయి ధనము గడించినవారే! రంగపు సొమ్ము బోస్టనుకు దారిచూపినది. 1917లో అమెరికావారు ఆసియా ఖండవాసుల కనేకులకు తలుపు మూసి, విద్యార్థులకు మాత్రము కొంత సందు విడిచిరి. ఆ సందులోనుండియే సుబ్బారావుగారు లోపలికి పోగలిగిరి. 1946లో చట్టము మార్చి భారతీయులకు ఏటికి నూఱుగురికి స్థిరనివాసము నిచ్చుటకు సమ్మతించిరి. లోకమునకు మందు లిచ్చిన యా మహానుభావుడు 1948లో అమెరికా పౌరుడు కాకయే అక్కడ కన్నుమూసెను. తలుపు తెఱచుట, మూయుట యింటివాని యిష్టము. విద్యార్థి కది యెప్పుడును కొంచెము తెఱచియుండుననుటయు, ఎప్పుడును పూర్తిగా తెఱచియుండదనుటయు రెండును నిజమే.

ఇక విషయములోనికి వత్తము. ప్రయాణికునకు ద్వారములు మూడు. మొదటిది పాసుపోర్టు. ఇతడు మావాడు, మేమెఱిగినవాడు అని మన ప్రభుత్వము వ్రాసియిచ్చు పరిచయపత్రము. రెండవది వీసా. నీవు మా వాకిటిదాక రావచ్చును అని పరదేశము చెప్పు మాట. మూడవది ఆ దేశపు విమానాశ్రయములోని యధికారి. అతడు మరల నడిగి, చూచి, లోపలికి విడుచును. వీసా యున్నను మూడవద్వారమున తిరుగగొట్టబడినవారు లేకపోలేదు. పిల్లవాడు అక్కడ కాలుమోపి “దిగినాను, బయటికి వచ్చినాను” అని ఫోను చేయువఱకు ప్రయాణము పూర్తికాలేదని పెద్దలు తెలిసికొనవలెను.

పాసుపోర్టు సర్కారువారు దయతలచి యిచ్చు వస్తువు కాదు. విదేశమునకు పోవుట వ్యక్తిస్వాతంత్ర్యములో భాగమని 1967లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆ యేటనే పాసుపోర్టుల చట్టము పుట్టినది. పెద్దవారికి పదియేండ్లకును, పిన్నలకు ఐదేండ్లకును సామాన్యముగా నిత్తురు. పాసుపోర్టు ఎవరిపేర నున్నను ఆ పుస్తకము కేంద్రప్రభుత్వపు సొత్తని చట్టములో నున్నది. కావున “మీ పుస్తకము మా యొద్ద నుండనిండు” అను దళారికిని, పరదేశములో దానిని బీరువాలో పెట్టి తాళము వేయు యజమానికిని ఆ యధికారము లేదు. ఈ యొక్క మాట తెలియక గల్ఫు దేశములలో కన్నీరు పెట్టుకొనిన ఆడబిడ్డలు మన కోనసీమలో నింటింట గలరు.

పాసుపోర్టులోనే మన తెలుగువారికి రెండు పెద్ద చిక్కులు గలవు. మొదటిది పేరు. మనము ఇంటిపేరును ముందు పెట్టుదుము. పెట్టి దానిని ఒక్క యక్షరముగా కుదింతుము. పాసుపోర్టులో ఇంటిపేరున కొక గడియు, సొంతపేరున కొక గడియు నుండును. ఇంటిపేరు గడి ఖాళీగా విడిచినచో అమెరికావారు సొంతపేరునే యింటిపేరుగా నెంచి, సొంతపేరు గడిలో “ఎఫ్.ఎన్.యు.” అని వ్రాయుదురు. మొదటిపేరు తెలియదని దాని యర్థము. తండ్రి తాతలు, నక్షత్రము, నామకరణము అన్నియు గల పిల్లవాడు అక్కడ పేరు తెలియనివాడగుచున్నాడు! దుబాయి మొదలగు ఎమిరేట్ల వారు 2022 నవంబరు నుండి ఒంటిపేరు పాసుపోర్టువారికి సందర్శకుల వీసా నిరాకరించుచున్నారు. పదవతరగతి పత్రములో నొక తీరు, ఆధారులో నొక తీరు, పాసుపోర్టులో నింకొక తీరు పేరుండుట మనకు చిన్న సంగతి. వీసా యధికారికి అవి మువ్వురు మనుష్యులు.

రెండవ చిక్కు పుట్టినతేది. ఇక్కడ నేనొక యపరాధము నొప్పుకొనవలసి యున్నది. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుంటిని. జూను మాసమున బడి తెఱచినప్పుడు తల్లులు పిల్లలను చంకనెత్తుకొని వచ్చెడివారు. “ఎప్పుడు పుట్టినాడమ్మా?” అనినచో “ఉప్పెన వచ్చిన యేడు, వరికోతలప్పుడండి” అనెడివారు. బిడ్డకు ఐదేండ్లు నిండలేదని తిప్పి పంపుటకు మనసొప్పక, నేను జూను ఒకటి యని వ్రాసి చేర్చుకొనెడివాడను. నేనొక్కడనే కాదు, ఆ కాలపు పంతుళ్లలో పెక్కండ్రు నీ పనియే చేసిరి. మీ యూరిలో నరువదియేండ్లవారి పుట్టినరోజులను లెక్కించి చూడుడు; సగమువఱకు జూనులోను జూలైలోను వచ్చును. ఆ నెలలలో దేవుడు ప్రత్యేకముగా పిల్లలను పంపలేదు. అది దయ యనుకొని చేసితిమి. ఇప్పుడు పంచాయతీవారి జననపత్రములో నొక తేది, పదవతరగతి పత్రములో నొక తేది యుండి, బిడ్డ లిరువదియేండ్ల తరువాత కార్యాలయముల చుట్టు తిరుగుచున్నారు.

చట్టము నిప్పుడు బిగించినారు. 2023 అక్టోబరు 1వ తేదినాటినుండి పుట్టినవారికి పుట్టినతేది రుజువుగా పాసుపోర్టు కార్యాలయమువారు జననమరణముల రిజిస్ట్రారు ఇచ్చిన పత్రమునే యంగీకరింతురు; బడి కాగితము చెల్లదు. కావున మీ యింట నేడు ఉయ్యాలలో నున్న బిడ్డ సంగతి చూచుకొనుడు. పుట్టిన యిరువదియొక్క దినములలో జననము నమోదు చేయించుట 1969 నాటి చట్టమే చెప్పినది. పేరు కూడ ఇంటిపేరుతో సహా పూర్తిగా వ్రాయించుడు. పురిటింట చేసిన యీ చిన్న పని ఆ బిడ్డకు వీసా నాటికి లక్షరూపాయల పని.

ఇక వీసా. ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క పద్ధతి యున్నను, అడుగు ప్రశ్నలు మూడే. నీవెవడవు? నిజముగా చదువుటకే వచ్చుచున్నావా? ఖర్చు ఎవరు పెట్టుదురు? అన్ని కాగితములును ఈ మూటికి సమాధానములే.

అమెరికా విధానము ముందు చెప్పెదను. మనపిల్లలు అధికముగా పోవుచున్న దక్కడికే. మొదట కళాశాలవారు ప్రవేశమిచ్చి “ఐ-ఇరువది” యను పత్రము పంపుదురు. మన రైతుగారు చీటీ యన్నది దీనినే. ఇది వీసా కాదు. వీసాకు దరఖాస్తు పెట్టుకొనుటకు అర్హతపత్రము మాత్రమే. అది చేతికి వచ్చిన పిదప విద్యార్థుల నమోదునకు 350 డాలర్లును, వీసా దరఖాస్తునకు 185 డాలర్లును చెల్లించవలెను. ఇవి 2025 నాటి లెక్కలు. రుసుములు పెరుగుటయే కాని తగ్గుట నేను చూడలేదు. వీసా రాకున్నను వీసా రుసుము తిరిగి రాదు. తరువాత ముఖాముఖి. వెనుక మనవారు దీనికై మద్రాసు పోయెడివారు. 2008లో హైదరాబాదు బేగంపేటలోని పైగా భవనమున కాన్సులేటు వెలసినది. 2023 నుండి నానక్‌రామ్‌గూడలోని క్రొత్త భవనములో నడుచుచున్నది.

ఆ ముఖాముఖి రెండు మూడు నిమిషములకంటె సాగదు. కిటికీ కావల నధికారి, ఈవల పిల్లవాడు. అమెరికా చట్టములో 214(బి) యను సూత్రమున్నది. విద్యార్థివీసా యడుగు ప్రతివాడును అక్కడనే యుండిపోవుటకు వచ్చువాడని యధికారి ముందుగా తలచవలెను. కాదని రుజువు చేయు భారము పిల్లవానిది. మన న్యాయస్థానములలో నేరము రుజువగువఱకు మనిషి నిర్దోషి గదా, ఇక్కడ పద్ధతి తలక్రిందులు. అందుచేత “మావాడు బంగారము, వానికేల యియ్యరు?” అని మనము కోపపడి లాభము లేదు. ఆ సూత్రముక్రింద నిరాకరించినచో నది కళంకము కాదు. పరిస్థితి మాఱినపుడు మరల పోవచ్చును.

ఇక్కడ కన్సల్టెన్సీవారి సంగతి చెప్పవలెను. వారిలో మంచివారు లేరనను. కాని కొందఱు పిల్లలకు జవాబులు వల్లెవేయించుదురు. పదిమంది పిల్లలు ఒక్కటే వాక్యమును ఒక్కటే స్వరమున చెప్పినపుడు అధికారికి తెలియకపోవునా? నేను బడిలో నలువది కాపీ పుస్తకములు దిద్దినవాడను. ఎవడెవని పలక చూచి వ్రాసెనో మొదటి పుటలోనే తెలిసిపోయెడిది. ఏ కళాశాల, ఏ విషయము, ఎందుకు చదువవలెను అను మూడింటికి పిల్లవాడు తన మాటలలో మీ యెదుట తెలుగున చెప్పగలిగినచో అక్కడ ఇంగ్లీషున చెప్పగలడు. మీకు చెప్పలేనివాడు అక్కడ చెప్పలేడు. ఈ పరీక్ష ఇంటి పెద్దలే చేయవచ్చును. దీనికి రుసుము లేదు.

ఇతర దేశముల మాట త్వరగా చెప్పి ముగింతును. ఇంగ్లండువారికి విశ్వవిద్యాలయపు అంగీకారపు సంఖ్యయు, మననుండి పోవువారికి క్షయరోగపరీక్షయు కావలెను. 2024 జనవరి నుండి అక్కడ సామాన్యపు ఎం.ఎ., ఎం.ఎస్‌సి. చదువులకు పోవువారు భార్యాబిడ్డలను వెంట తీసికొనిపోవుటకు వీలులేదు. క్రొత్తగా పెండ్లియైనవారి యింట ఈ సంగతి ముందుగా తెలియుట మంచిది. జర్మనీవారు 2022 నవంబరు నుండి మన పట్టాలను తమ పరిశీలనసంఘముచే సరిచూపించుకొని రమ్మనుచున్నారు. కెనడావారు 2024లో విద్యార్థుల సంఖ్యకు హద్దు పెట్టి, అక్కడి రాష్ట్రప్రభుత్వపు సమ్మతిపత్రము కూడ నడుగుచున్నారు. చదువు కాక, ఊరకే రెండేండ్లు పనిచేసి లోకము చూచివచ్చు యువకుల వీసాలును కలవు. ఇంగ్లండువారు పదునెనిమిది మొదలు ముప్పదియేండ్లవఱకు వయసుగల పట్టభద్రులకు ఏటికి మూడువేలమందికి చీటీలు తీసి యిచ్చుచున్నారు. చీటీలో పేరు వేయుటకు రుసుము లేదు. లాటరీ గనుక నెవరి పలుకుబడియు పనిచేయదు. దానిని “తెప్పించియిత్తును” అనువాడు అబద్ధమాడుచున్నాడనుటకు ఇంతకంటె రుజువక్కఱలేదు.

ఇప్పుడు మన పెద్దలకు ముఖ్యమైన ధనవిషయము. ప్రతి దేశమును మొదటి యేటి ఖర్చునకు సొమ్ము చూపుమనును. చూపుమనుటలో నర్థము, నిజముగా కలిగియుండుమని. జర్మనీకి పోవువాడు ఏటికి 11,904 యూరోలు ఒక ఖాతాలో బంధించి, నెలకు 992 చొప్పున మాత్రమే తీసికొనవలెను. ఇంగ్లండువారు సొమ్ము వరుసగా ఇరువదియెనిమిది దినములు కదలక ఖాతాలో నుండవలెనందురు. ఈ నియమము పుట్టిన వెంటనే మనవాండ్రు దానికి విరుగుడు కనిపెట్టిరి. ఎవరిదో యిరువదిలక్షలు తెచ్చి మీ ఖాతాలో నెలదినములు నిలిపి, దానికి వడ్డీ పుచ్చుకొని తిరిగి తీసికొనిపోవుదురు. మా బంధువులలోనే యొక పిల్లవానికిట్లు చేసిరి. ఏనాడును పదివేలు దాటని ఖాతాలో నొక్కసారి యిరువదిలక్షలు పడినది. ఆ సొమ్ము ఎక్కడిదని వీసావారు ప్రశ్నించిరి. కొబ్బరికాయల యమ్మకమని వ్రాసియిచ్చిరి. అంత కాయ దిగుటకు ఎన్ని యెకరములు కావలెనో అధికారులకు లెక్క తెలిసియే యుండెను కాబోలు! వీసా పోయినది, అంతటితో పోలేదు. కపటపత్రము చూపినాడని వ్రాసి పదియేండ్లు మరల రావలదనిరి. ఆ దళారి తన వడ్డీని మాత్రము అణాపైసలతో పుచ్చుకొనెను.

పదియేండ్లనునది ఇంగ్లండు చట్టము. కెనడావారు ఐదేండ్లు నిషేధింతురు. అమెరికా చట్టములో కపటము రుజువైనచో జీవితాంతము తలుపు మూయుదురు. కౌటిల్యుని దొంగముద్ర మీకు జ్ఞాపకమున్నది గదా. సొమ్ము చాలకున్నచో చాలదని ఒక యేడాగుట నష్టమే కాని, దొంగకాగితమువలన వచ్చు నష్టము వంటిది కాదు.

తాకట్టు సంగతి కూడ నిక్కడనే చెప్పెదను. బ్యాంకువారు అప్పు మంజూరు చేసినట్లు పత్రమిచ్చుట వేఱు, సొమ్ము పంపుట వేఱు. వీసా అధికారికి చూపుటకు మంజూరు పత్రము చాలును. వడ్డీ నడచునది సొమ్ము బయలుదేరిన నాటినుండి. వీసా చేతికి రాకముందే కళాశాలకు రుసుము మొత్తము పంపవలదు; ముందు పంపవలసివచ్చిన భాగము వీసా రానిచో తిరిగి యిత్తురా, ఎంత కోయుదురు అని వ్రాతపూర్వకముగా నడిగి తెలిసికొనుడు. బ్యాంకులో ఈ రెండు ప్రశ్నలు మీరు నోరు విప్పి యడుగవలెను. అడుగనివానికి చెప్పువారుండరు.

కాగితములన్నియు సరియై, వీసాయు వచ్చి, అటుతరువాత మునిగినవారి కథ యొకటి వినుడు. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయమని యొకటి యుండెడిది. 2011 జనవరిలో అమెరికా ప్రభుత్వమువారు దానిని మూసివేసిరి. అది చదువు చెప్పునది కాదు. రుసుము పుచ్చుకొని, చదువుచున్నట్లు కాగితములిచ్చునది. చేరినవారిలో నధికభాగము మన తెలుగు పిల్లలు. కొందఱి చీలమండలకు, ఎక్కడికి పోవుచున్నారో కనిపెట్టు పట్టీలు తగిలించిరి. పశువుల మెడలో గంటకట్టుట మన మెఱుగుదుము. చదువుకొన బోయిన బిడ్డ కాలికి కట్టుట అప్పుడే వింటిమి. ఆ సంస్థను నడపినామెకు 2014లో పదియారేండ్లకు పైగా చెఱసాల విధించిరి. 2019 జనవరిలో ఇంతకంటె వింతయైనది బయటపడినది. మిచిగాను రాష్ట్రములో ఫార్మింగ్టను విశ్వవిద్యాలయమను పేర ప్రభుత్వపు టధికారులే మాఱుపేర్లతో నొక సంస్థను పెట్టిరి. అందులో తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. అయినను వందలకొలది చేరిరి. మొదట పట్టుబడిన నూటముప్పదిమందిలో నూటయిరువదితొమ్మండుగురు భారతీయులు. వారిలో మనవారు పెక్కుమంది. పిల్లలను చేర్పించి దళారీసొమ్ము తిన్న యెనమండుగురిపై వేఱుగా నేరము మోపిరి. వలపన్నుట న్యాయమా యని వాదించినవారును గలరు, నాకును ఆ సందేహమున్నది. కాని తరగతులు లేని బడిలో నెలనెల రుసుము కట్టు పిల్లవానికి తానేమి చేయుచున్నాడో తెలియదనుట నమ్మదగినది కాదు.

అట్టి పిల్లలందఱు చెడ్డవారని నేననను. వారినక్కడికి త్రోసినది చాలభాగము ఇంటి అప్పు. విద్యార్థివీసా షరతులు తెలిసికొనుడు. పూర్తికాలము చదువవలెను. అమెరికాలో చదువు జరుగు దినములలో కళాశాల ఆవరణలోనే, వారమునకు ఇరువది గంటలు మించక పనిచేయవచ్చును. వెలుపల పెట్రోలుబంకులోను హోటలులోను దొంగతనముగా చేసినచో వీసాషరతు తప్పినట్లే. ఆస్ట్రేలియాలో రెండువారములకు నలువదియెనిమిది గంటలు. ఆ గంటల సంపాదనతో తిండి, గది అద్దె గడచిన గొప్ప. తోటమీది వడ్డీ తీఱదు. మనమిక్కడనుండి ఫోనుచేసి “అబ్బాయీ, బ్యాంకువాడు కూర్చున్నాడు, ఏమైన పంపగలవా?” అన్నప్పుడెల్ల ఆ పిల్లవానిని ఇరువదియొకటవ గంటలోనికి త్రోయుచున్నాము. ఈ మాట నేను కఠినముగా నన్నచో క్షమింపుడు.

చదువుకు కాక కూలికి పోవువారి మాటయు నొకటి చెప్పక విడువరాదు. మన సీమలో వారే యెక్కువ. పదవతరగతి గట్టెక్కనివారి పాసుపోర్టులో వలసతనిఖీ యవసరమను గుర్తు పడును. అట్టివారు కువైటు, ఖతారు, ఒమాను మొదలగు పదునెనిమిది దేశములకు పనికి పోవుటకు 1983 నాటి వలసల చట్టముక్రింద అనుమతి పొందవలెను. ఇంటిపనికి పోవు స్త్రీలకు ముప్పదియేండ్లు నిండవలెను. దీనిని తప్పించుటకు దళారులు సందర్శకుల వీసాపై నెక్కించి, “అక్కడ మార్చుకొందము” అందురు. సందర్శకుల వీసాపై పోయినవానికి జీతపు ఒప్పందము లేదు, భీమా లేదు, మన ప్రభుత్వపు లెక్కలో పేరు లేదు. సరియైన దళారికి కేంద్రప్రభుత్వపు లైసెన్సు సంఖ్య యుండును. సేవారుసుము ముప్పదివేలును దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదు. అనుమతితో పోవువానికి రెండువందల డెబ్బదియైదు రూపాయలకే రెండేండ్లకు పదిలక్షల ప్రమాదభీమా గలదు. మూడులక్షలు కట్టి రాత్రికి రాత్రి పోవువానికి ఇది లేదు.

మా రైతుగారి కట్ట సంగతి చెప్పి విరమింతును. భోజనమైన తరువాత మేమిద్దఱము మనుమని పిలిపించి కాగితము లొక్కొక్కటి చూచితిమి. కళాశాల పేరు అమెరికా ప్రభుత్వపు టంగీకృత సంస్థల పట్టికలో నున్నది. పిల్లవాడు తన ఫోనులోనే చూపినాడు. ఏమి చదువబోవుచున్నాడో తాతగారికి తెలుగున చెప్పమంటిని. మొదట తడబడినను చెప్పినాడు. తాతగారికి సగము తెలిసినది, నాకు అంతకంటె తక్కువ. ఖాతాలోని సొమ్ము వారిదే. అన్నియు సరిగా నున్నవనుకొనుచుండగా పుట్టినతేది కంటబడినది. పంచాయతీ పత్రమును పాసుపోర్టును 2003 సెప్టెంబరు 9 అనుచున్నవి. పదవతరగతి పత్రమును అటుపైని పత్రములన్నియు 2003 జూను 1 అనుచున్నవి.

“మీరు రాసిందే కదండీ మాస్టారూ” అని రైతుగారు మెల్లగా ననిరి. నిష్ఠురముగా ననలేదు, అందువలననే నాకెక్కువ తగిలినది.

మఱునాడు వారితో బడికి పోయితిని. ఇప్పటి ప్రధానోపాధ్యాయులు పాత ప్రవేశపు రిజిస్టరు బీరువా యడుగునుండి తీయించిరి. నా చేతివ్రాతయే. ఆ పుటలో జూను ఒకటిన పుట్టినవారు పదునొకండుగురున్నారు. పరీక్షలశాఖవారికి పంపు అర్జీతోపాటు, ఆ తేది నేనే ఊహించి వ్రాసితినని నేనొక కాగితము వ్రాసి సంతకము చేసి యిచ్చితిని. అది చెల్లునో చెల్లదో అధికారులు చెప్పవలెను. రైతుగారు ఆ శనివారము బ్యాంకుకు పోయి, సంతకము పెట్టక, మంజూరు పత్రమెప్పుడు, సొమ్ము పంపుట యెప్పుడు అని రెండు ప్రశ్నలడిగి వచ్చిరి. తోట దస్తావేజులు నేటివఱకు వారి పెట్టెలోనే యున్నవి.